లసోటా రెండుసార్లు వేసినా కొక్కెర తెగులు ఎందుకొచ్చింది? (గంబోరో, బర్సా, టీకాల మీద చర్చ)

షాద్‌నగర్ షెడ్డు
అందరికీ నమస్తే. మాది షాద్‌నగర్ దగ్గర. అయిదు వేల బ్రాయిలర్ షెడ్డు, కంపెనీ ఇంటిగ్రేషన్‌ల నడుస్తది, అంటే పిల్లలు కంపెనీవి, పెంచుడు మాది. ఇప్పుడున్న బ్యాచ్‌కి 31 రోజులు. మొదటి వారంల కంట్లో చుక్క లసోటా (కొక్కెర వైరస్ తెగులుకు టీకా) వేసినం, 14వ రోజు గంబోరో (కోడిపిల్లలకొచ్చే ఇంకో వైరస్ రోగం) టీకా నీళ్లల్ల ఇచ్చినం, 21కి మళ్ల లసోటా. అన్నీ టైముకే అయినయి. అయినా నాలుగైదు రోజుల సంది కోళ్లు గురక పెడుతున్నయి, కొన్ని మెడ తిప్పుతున్నయి, ఆకుపచ్చ రెట్ట వేస్తున్నయి. మొదట రోజుకు పది, పదిహేను పోతుండె. నిన్న నలభై దాటినయి. బరువులైతే చెప్పరాదు, ఒకటి కిలోన్నర ఉంటే పక్కది తొమ్మిదొందల గ్రాములుంది.

ఇది కొక్కెరే అని ఊర్ల అందరూ అంటున్నరు. మరి రెండుసార్లు టీకా వేసినంక ఎట్ల వస్తది? మందుల షాపాయన టీకా చెడిపోయి ఉంటదంటున్నడు. కంపెనీ సూపర్‌వైజరేమో నువ్వు సరిగ్గ తాపలేదంటున్నడు. తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

తణుకు లేయర్
కోల్డ్ చైన్ ముందు చూసుకోండి అన్నా. ఐస్ కరిగిపోయిన డబ్బాలో తెచ్చిన వ్యాక్సిన్ వేసినా వెయ్యనట్టే. నీళ్లలో బ్లీచింగ్ కలిసిందా? పంచాయతీ నీళ్లయితే ఉంటుందండి, రైతుకి తెలియదు.

షాద్‌నగర్ షెడ్డు
మాది సొంత బోరు అన్నా. టీకాకు రెండు రోజుల ముందు నుంచి ఏ మందూ కలపలే. పాలపొడి కలిపినం, నీలం రంగు బిళ్ల కూడ వేసినం. గంట తర్వాత యాభై కోళ్ల నోర్లు తెరిచి చూస్తే ఇంచుమించు అన్నిటి నాలుకలు నీలంగనే ఉన్నయి. అందుకే నాకు సూపర్‌వైజర్ మాట నచ్చలే.

పశువైద్యుడు కరీంనగర్
నాలుక నీలంగా ఉందంటే నీళ్లు తాగాయి, టీకా లోపలికి వెళ్లింది. అక్కడివరకు మీ పని సరిగ్గా జరిగింది. ఇక చూడాల్సింది, వెళ్లిన టీకాకు కోడి ఒంట్లో స్పందన వచ్చిందా లేదా అన్నది.

ముందుగా ఒక మాట. చావులు ఇలా పెరుగుతున్నప్పుడు దయచేసి మీరే షెడ్డు దగ్గర కోసి చూడకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. మెడ తిరగడం, ఆకుపచ్చ రెట్ట, గురక దానిలోనూ ఉంటాయి. కంటితో చూసి ఇది కొక్కెర, ఇది ఫ్లూ అని చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు. తాజాగా చనిపోయినవి నాలుగైదు, జబ్బుపడి బతికున్నవి రెండు మూడు సంచిలో కట్టి మీ మండలం పశువైద్యశాలకు తీసుకెళ్లండి. వాళ్లు ల్యాబ్‌కు పంపుతారు. ఈలోగా షెడ్డులోకి బయటివాళ్లను రానివ్వకండి, కోళ్లు అమ్మకండి.

అక్కడ డాక్టర్ గారిని ప్రత్యేకంగా ఒకటి అడగండి: బర్సాను (కోడికి రోగనిరోధక కణాలు పెరిగే సంచి), ప్లీహాన్ని కోసి పక్కపక్కన పెట్టి చూపించమని.

ఇంకో మూడు ప్రశ్నలు. పిల్లలన్నీ ఒకే హేచరీ నుంచి, ఒకే బ్రీడర్ (తల్లికోళ్ల) మంద నుంచి వచ్చాయా? పోయిన బ్యాచ్‌లో గంబోరో వచ్చిందా? రెండు బ్యాచ్‌ల మధ్య షెడ్డు ఎన్ని రోజులు ఖాళీగా ఉంచారు?

షాద్‌నగర్ షెడ్డు
డాక్టర్ గారూ, పిల్లలు రెండు బండ్లల్ల వచ్చినయి. ఒక బండి పిల్లలు జెర పెద్దగుండె, ఇంకో బండివి చిన్నగుండె. పోయిన బ్యాచ్‌ల 24వ రోజు గంబోరో వచ్చింది, వారంలనే తగ్గిపోయింది. మందు వేసినం, తగ్గింది. తర్వాత ఊక తీసి, కడిగి, సున్నం కొట్టి పన్నెండు రోజులకే పిల్లలు దించిన్రు, కంపెనీ అంతకన్న ఆగలే. ఈ బ్యాచ్‌లయితే గంబోరో రాలే సార్. తెల్ల రెట్ట లేదు, వణుకుడు లేదు.

వెట్ విద్యార్థిని
సార్, ఈ బ్యాచ్‌లో సబ్‌క్లినికల్ గంబోరో, అంటే పైకి లక్షణాలు కనబడని గంబోరో, అని మీ అనుమానమా?

పశువైద్యుడు కరీంనగర్
అవునమ్మా. ల్యాబ్ చెప్పేదాకా అది అనుమానమే. కానీ పాత బ్యాచ్‌లో గంబోరో, తక్కువ ఖాళీ, రెండు రకాల పిల్లలు, సరిగ్గా తాపినా పట్టని లసోటా, ఎగుడుదిగుడు బరువులు ఒకచోట కలిశాయంటే నేను మొదట బర్సానే చూస్తాను. కాస్త వివరంగా రాస్తాను. చాలామంది రైతులు గంబోరో అంటే ఆ వారంలో చచ్చే కోళ్ల లెక్కే అనుకుంటారు.

కోడికి మలద్వారం పైభాగాన, వెన్ను వైపు, రేగిపండంత సంచి ఒకటి ఉంటుంది. దాని పేరు బర్సా ఆఫ్ ఫాబ్రీషియస్. ఇటలీలోని పాదువాలో పాఠాలు చెప్పిన ఫాబ్రీషియస్ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. ఆయన పోయాక 1621లో అచ్చయింది ఆ పుస్తకం. అది దేనికి పనికొస్తుందో మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. 1956లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్, తిమోతీ చాంగ్ అనే ఇద్దరు బయటపెట్టారు: పిల్లప్పుడే బర్సా తీసేసిన కోళ్లకు సూక్ష్మజీవులను ఎక్కిస్తే వాటి రక్తంలో యాంటీబాడీలు సరిగ్గా తయారుకాలేదు. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు కోడిలో పెరిగి పక్వానికొచ్చేది ఈ సంచిలోనే. మొదటి వారాల్లో అక్కడ తయారైన కణాలే బయటికెళ్లి ప్లీహంలో, పేగుల్లో, కంటి వెనక గ్రంథిలో స్థిరపడి జీవితాంతం కాపలా కాస్తాయి.

గంబోరో వైరస్‌కు కావలసింది సరిగ్గా ఆ లేత బి కణాలే. మేతతోనో నీళ్లతోనో నోట్లోకి వెళ్తుంది, పేగు గోడలో మొదట పెరుగుతుంది, కొన్ని గంటల్లోనే రక్తంలో కలిసి బర్సాకు చేరుతుంది. మూడో రోజుకు బర్సా ఉబ్బుతుంది, చుట్టూ పసుపుపచ్చటి జిగురు పడుతుంది. నాలుగో రోజుకు బరువు రెట్టింపు. ఆ తర్వాత అదే కుంచించుకుపోవడం మొదలై ఎనిమిదో రోజుకు అసలు బరువులో మూడోవంతుకు దిగిపోతుంది. ఉబ్బినప్పుడు కోసినవాడికి జబ్బు తెలుస్తుంది. రెండు వారాలు ఆలస్యంగా కోస్తే చిన్న ముద్ద కనబడుతుంది, బర్సా ఇంతే కాబోలు అనుకుని వదిలేస్తారు.

ఇప్పుడు వయసు సంగతి. మూడు నుంచి ఆరు వారాల వయసులో వస్తే మీరు చూసిన గంబోరో: ముడుచుకుని కూర్చోవడం, వణుకు, తెల్లటి నీళ్ల రెట్ట, తమ మలద్వారాన్ని తామే పొడుచుకోవడం. రెండు మూడు రోజులు చావులు ఎగబాకి, వారంలో దిగిపోతాయి. మూడు వారాలలోపు వస్తే ఇవేవీ కనబడకపోవచ్చు. పిల్ల మామూలుగా మేత తింటూనే ఉంటుంది, లోపల బర్సా మాత్రం ఖాళీ అయిపోతుంది. ఎంత చిన్న వయసులో తగిలితే నష్టం అంత శాశ్వతం. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా తేలింది. మొదటి రోజే గంబోరో సోకిన పిల్లలకు తర్వాత కొక్కెర టీకా వేస్తే యాంటీబాడీలు దాదాపుగా రాలేదు, వారానికి సోకినవాటిలో కొంత వచ్చాయి, మూడు వారాలకు సోకినవాటిలో పెద్ద తేడా లేదు.

మీ షెడ్డులో జరిగింది ఇదే అయితే, లసోటా సీసాలో తప్పు లేదు, తాపిన చేతిలోనూ తప్పు లేదు. టీకాకు జవాబివ్వాల్సిన కణాలే అప్పటికి లేవు.

ఫీల్డ్ సూపర్‌వైజర్
నేను వేరే కంపెనీలో చేస్తున్నాను. డాక్టర్ గారు చెప్పింది నిజమే, కానీ క్షేత్రంలో మేం చూసేది ఇంకొకటి. 14వ రోజున మామూలు ఇంటర్మీడియట్ (మధ్యస్థ ఘాటు గంబోరో టీకా) వేస్తే ఈ మధ్య ఆగడంలేదు. ఇంటర్మీడియట్ ప్లస్, అంటే ఇంకా ఘాటైన హాట్ స్ట్రెయిన్, పదో రోజుకే వేసేస్తే గొడవ ఉండదు. మా లైన్‌లో, అంటే మేం చూసే షెడ్లన్నిటిలో, అలాగే చేస్తున్నాం.

హేచరీలో పనిచేస్తా
దీనికి నేను ఒప్పుకోను అన్నా. మా దగ్గర రోజూ చూసే విషయం కాబట్టి చెప్తున్నా.

పిల్లకు మొదటి రెండు మూడు వారాలు రక్షణ తల్లి నుంచి వస్తుంది. బ్రీడర్ కోడికి గుడ్లు మొదలయ్యే ముందు ఆయిల్ టీకా వేస్తారు, ఆ యాంటీబాడీలు పచ్చసొన ద్వారా పిల్లకు చేరతాయి. బ్రాయిలర్ పిల్లలో అవి సుమారు మూడు, మూడున్నర రోజులకోసారి సగమవుతాయి. లేయర్ పిల్ల నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి దానిలో అయిదు రోజులకు పైనే పడుతుంది. ఈ తల్లి యాంటీబాడీ ఎక్కువగా ఉన్నప్పుడు టీకా వేస్తే అది టీకా వైరస్‌నే చంపేస్తుంది. బాగా తగ్గాక వేద్దామని ఆగితే షెడ్డులో ఉన్న ఫీల్డు వైరస్ ముందే పట్టుకుంటుంది. రెంటి మధ్యా దొరికేది కొద్ది రోజులే.

షాద్‌నగర్ అన్న పిల్లలు రెండు బండ్లల్లో వచ్చాయి, సైజులు వేరు. చిన్న పిల్లలు చాలావరకు కొత్తగా గుడ్లకొచ్చిన బ్రీడర్ మందవి, పెద్దవి ముదురు మందవి. రెండు మందల యాంటీబాడీ లెవెల్స్ ఒకటిగా ఉండవు. అలాంటప్పుడు ఒకే రోజు అందరికీ వేస్తే ఒక బండికి టీకా పట్టదు, ఇంకో బండికి అప్పటికే ఆలస్యం. కలిపి దించడమే అసలు సమస్య. ఇది రైతు చేతిలో లేని పని, పంపేవాళ్లు చూడాలి.

హాట్ స్ట్రెయిన్ సంగతి: అది తల్లి యాంటీబాడీని చీల్చుకుని వెళ్తుంది, నిజమే. కానీ యాంటీబాడీ తక్కువున్న పిల్లల్లో ఆ టీకానే బర్సాను కొంత దెబ్బతీస్తుంది. గంబోరో చావులు ఆపి, దానికి బదులు కొక్కెరకి, ఈ.కోలై బ్యాక్టీరియాకి తలుపు తెరిచినట్టు అవుతుంది.

ఫీల్డ్ సూపర్‌వైజర్
మరి వరసగా మూడు బ్యాచ్‌లు గంబోరో పడుతున్న షెడ్డులో ఏం చేయమంటారు? అక్కడ మామూలు టీకాతో రైతు మునిగిపోతాడు.

పశువైద్యుడు కరీంనగర్
అలాంటి షెడ్డులో వాడాల్సి రావచ్చు, ఒప్పుకుంటాను. తీవ్రమైన ఫీల్డు వైరస్ బర్సాకు చేసే నష్టంతో పోలిస్తే హాట్ టీకా నష్టం తక్కువే. కానీ ఎక్కడ అవసరమో అక్కడే, రక్తం పరీక్షించి రోజు నిర్ణయించాకే. పిల్లలు దిగిన మొదటి రోజుల్లో ఇరవై దాకా పిల్లల రక్తం తీసి ఎలిసా (యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో కొలిచే పరీక్ష) చేయించి, డెవెంటర్ సూత్రం ప్రకారం లెక్కిస్తే ఏ రోజు వేయాలో వస్తుంది. లైన్ మొత్తానికి పదో రోజు అని ముందే రాసి పెట్టుకోవడాన్ని నేను సమర్థించను.

ఇంకో దారీ ఉంది. హేచరీలోనే వేసే టీకాలు. ఒకటి, వైరస్‌ను యాంటీబాడీతో కలిపి ఇచ్చే ఇమ్యూన్ కాంప్లెక్స్ టీకా. తల్లి రక్షణ తగ్గినప్పుడే అది పనిచేయడం మొదలుపెడుతుంది, అంటే ఏ పిల్లకు ఆ పిల్ల టైముకు. రెండోది వెక్టర్ టీకా, అంటే మారెక్స్ (కోళ్లకొచ్చే ఇంకో వైరస్ జబ్బు) టీకాగా వాడే హెచ్‌వీటీ వైరస్‌లో గంబోరో వీపీ2 ప్రోటీన్ జన్యువును పెట్టినది. ఇందులో గంబోరో వైరసే లేదు, కాబట్టి బర్సాను ముట్టుకోదు. తల్లి యాంటీబాడీ దీన్ని పెద్దగా అడ్డుకోదు. ఖరీదు ఎక్కువ, రక్షణ పూర్తిగా రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వైరస్ బాగా ముదిరిన షెడ్డులో ఆ గ్యాప్‌ను శుభ్రతే పూడ్చాలి.

తణుకు లేయర్
1990ల మొదట్లో మా నాన్నగారి షెడ్డులో గంబోరో పడినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నానండి. మన దేశంలో ఈ జబ్బు 1971 నుంచే ఉందంటారు గానీ ఆ తొంభైల్లో వచ్చింది వేరే రకం. అయిదు వారాల లేయర్ పిల్లలు. సాయంత్రం బాగానే ఉన్నాయి, తెల్లారేసరికి షెడ్డు మూలల్లో కుప్పలు. కోస్తే తొడ కండల నిండా నెత్తురు గీతలు, కిడ్నీలు ఉబ్బి తెల్లగా ఉప్పు పట్టినట్టు. సగానికి పైగా పోయాయి. కాలువలో పారేసినవాళ్లు కూడా ఉన్నారు మా చుట్టుపక్కల. నాన్నగారు మాత్రం గొయ్యి తీయించి సున్నం వేసి పూడ్చారు. వాళ్లతో గొడవ పడ్డారు కూడా, కింద ఊళ్లవాళ్లు ఆ నీళ్లే కోళ్లకు పెడతారు కదాని.

నేను చెప్పదలచుకున్నది చావుల గురించి కాదు. మిగిలిన కోళ్లు. అవి పెరిగాయి, గుడ్లకొచ్చాయి, కానీ ఆ మంద ఎప్పుడూ నిలకడగా లేదు. ఒక నెల కొక్కెర, ఒక నెల జలుబు, ఎప్పుడు చూసినా మందుల ఖర్చు. గుడ్ల శాతం పీక్‌కి వెళ్లనే లేదు. అప్పట్లో కారణం తెలియక మేతని తిట్టుకున్నాం.

పశువైద్యుడు కరీంనగర్
మీరు చెప్పింది చాలా విలువైన విషయం. లేయర్లలో చావులు బ్రాయిలర్ల కంటే ఎక్కువ, లెగ్‌హార్న్ రకాలకు ఇది మరీ గట్టిగా తగులుతుంది. కిడ్నీ సంగతి కూడా సరిగ్గా చూశారు. అందుకే గంబోరో నడుస్తున్నప్పుడు కిడ్నీ మీద భారం వేసే సల్ఫా మందులు, జెంటామైసిన్‌లాంటివి వాడకూడదని నేను ప్రతి రైతుకూ చెప్తాను. వైరస్‌ను యాంటీబయాటిక్ చంపదు. షాద్‌నగర్ గారూ, పోయిన బ్యాచ్‌లో మందు వేశాం తగ్గింది అన్నారు. మందు వేయకపోయినా అది వారంలో తగ్గేదే, ఈ జబ్బు నడకే అంత.

వెట్ విద్యార్థిని
బెల్లం నీళ్లు ఇవ్వడం గురించి ఏమంటారు సార్? మా ఊళ్లో అందరూ ఇస్తారు.

పశువైద్యుడు కరీంనగర్
ఇవ్వొచ్చు. జబ్బుకోడి మేత ముట్టదు, నీళ్లు తాగుతుంది, బెల్లంతో కాస్త శక్తి వస్తుంది. ఎలక్ట్రోలైట్లు, కొంచెం వెచ్చదనం, ఒకటి రెండు రోజులు మాంసకృత్తులు తగ్గించి మొక్కజొన్న నూక పెట్టడం కిడ్నీకి విశ్రాంతినిస్తాయి. ఇమ్యూనిటీ పెంచుతుందని అమ్మే సీసాల విషయంలో మాత్రం జాగ్రత్త. చనిపోయిన బి కణాలను ఏ టానిక్కూ తిరిగి తేదు. కాస్త పెద్ద వయసులో జబ్బు వస్తే మిగిలిన కణాల నుంచి బర్సా తనంతట తాను కొంత కోలుకుంటుంది.

సేలిస్‌బరీ తెలుగోడు
మేం అమెరికాలో మేరీల్యాండ్‌లో సేలిస్‌బరీ దగ్గర ఉంటాం. ఇక్కడికి పది, పదిహేను మైళ్లలోనే, డెలావేర్ సరిహద్దు దాటగానే గంబోరో అనే చిన్న ఊరుంది. ఆ చుట్టుపక్కల కోళ్లలో ఈ జబ్బును 1962లో కాస్‌గ్రోవ్ అనే పశువైద్యుడు మొదట వర్ణించాడు, అందుకే ఆ ఊరి పేరే దానికి పడింది. ససెక్స్ కౌంటీ అంటారు ఆ ప్రాంతాన్ని, అమెరికాలో బ్రాయిలర్లు అత్యధికంగా పెంచే కౌంటీ ఇప్పటికీ అదే. రోడ్డుకు రెండు వైపులా పొడవాటి షెడ్లు, మధ్యలో మొక్కజొన్న, సోయా పొలాలు.

ఇక్కడ 1980ల మధ్యలో వేరియంట్ రకాలు బయటపడ్డాయి. అవి చంపవు, జబ్బు లక్షణాలు కూడా పెద్దగా చూపించవు. బర్సాను మాత్రం వేగంగా కుదించేస్తాయి. షాద్‌నగర్ అన్న రాసింది చదవగానే అదే గుర్తొచ్చింది.

పెరటికోళ్లు
అన్నయ్యలూ, మాది పార్వతీపురం వైపు. నా దగ్గర యాభై దాకా నాటుకోళ్లు, కొన్ని వనరాజా. నాటుకోడికి గంబోరో రాదంటారు, నిజమేనా? ఈమధ్య బండి మీద అమ్మకానికొచ్చిన రంగు పిల్లలు కొన్నాను, ఆ తర్వాత తెల్ల రెట్టతో కొన్ని పోయాయి.

పశువైద్యుడు కరీంనగర్
రాదన్నది నిజం కాదమ్మా, నాటుకోడికీ వస్తుంది. ఊళ్లలో ఎక్కువ చంపేది కొక్కెర కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు. బండి పిల్లలకు ఏ టీకా వేశారో, తల్లికి ఏం వేశారో ఎవరికీ తెలియదు. కొత్తగా కొన్నవాటిని రెండు మూడు వారాలు ఇంటికి ఇంకో పక్కన విడిగా ఉంచండి, ముందు మీ పాత కోళ్లకు నీళ్లూ మేతా పెట్టి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. పిల్లలకు వారంలో లసోటా, రెండు వారాలకు గంబోరో, ఎనిమిది వారాలకు ఆర్‌2బీ (ఇంకో కొక్కెర టీకా) సూది. ఈ వరస తప్పనివ్వకండి. లసోటా, ఆర్‌2బీ పశువైద్యశాలలో అడగండి. ఒక్కో సీసాలో చాలా డోసులు ఉంటాయి, మీ వీధిలో నలుగురు కలిసి తెచ్చుకోండి.

పెరటికోళ్లు
చాలా సంతోషం డాక్టర్ గారూ. ఒక్క మాట, పిల్లలు ఆ కోళ్లతోనే ఆడుకుంటారు. మనుషులకేమైనా అవుతుందా?

పశువైద్యుడు కరీంనగర్
గంబోరో మనుషులకు రాదు. కానీ జబ్బుకోడిని ముట్టుకుంటే ఎవరైనా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల్ని దూరంగానే ఉంచండి. ఏ జబ్బో తేలనప్పుడు చచ్చిన కోడిని, చావబోతున్న కోడిని కోసుకు తినకండి, అమ్మకండి.

షాద్‌నగర్ షెడ్డు
రిపోర్టు వచ్చింది. బర్డ్ ఫ్లూ కాదు, ఆ మాట విన్నంక ఇంట్ల అందరం ఊపిరి పీల్చుకున్నం. కొక్కెర పాజిటివ్. గంబోరో కూడ పీసీఆర్‌ల పాజిటివ్.

కోసేటప్పుడు డాక్టర్ సారు నన్ను కొంచెం దూరంల నిలబెట్టి, ఒక్కొక్కటి చూపించిండు. గాలి గొట్టం లోపల ఎర్రగ ఉంది. కడుపు గోడ మీద నెత్తురు చుక్కలు. గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర పట్టింది, అది ఈ.కోలై అన్నడు. నేను మీరు చెప్పిన మాట అడిగిన, బర్సా, ప్లీహం పక్కపక్కన పెట్టమని. ఒక స్టీలు పళ్లెంల ఆరు కోళ్లవి వరసగ పెట్టిండు. ఆరింట్ల అయిదింటికి బర్సా ప్లీహం కన్న చిన్నగుంది. బూడిద రంగుకు తిరిగింది. కోస్తే లోపల మడతలు సన్నగయి అంటుకుపోయినయి. ఒక్కదానికే తెల్లగ, బొద్దుగ మంచిగుంది, అది పెద్ద బండి పిల్ల అయి ఉంటదనుకుంటున్న. ఈ వయసుల బర్సా ప్లీహం కన్న పెద్దగ ఉండాలె అని సారు చెప్పిండు. లసోటా టైటర్లు, అంటే టీకాకు రావాల్సిన యాంటీబాడీలు, కూడ కొన్నిట్ల అసలే లెవ్వు.

సూపర్‌వైజర్‌కు ఆ ఫొటోలు చూపించిన. ఇగ నేను తాపలేదన్న మాట అనలే.

వెట్ విద్యార్థిని
ప్లీహంతో పోల్చి చూడటం మాకు పాఠంలో ఉంది కానీ ఇంత స్పష్టంగా ఎవరూ రాయలేదు. సార్, బర్సా చిన్నదైతే గంబోరోనే అని చెప్పేయొచ్చా?

పశువైద్యుడు కరీంనగర్
చెప్పకూడదు. మారెక్స్, చికెన్ ఎనీమియా వైరస్, మేతలో బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ కూడా బర్సాను కుదిస్తాయి. అందుకే పీసీఆర్, వీలైతే హిస్టోపాథాలజీ (ముక్కను మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష). ఎనీమియా వైరస్ థైమస్‌నూ (ఇంకో రకం రక్షణ కణాలు పెరిగే గ్రంథి) ఎముక మజ్జనూ కొడుతుంది, అది గంబోరోతో కలిస్తే రెండు వైపులా రక్షణ పోతుంది. షాద్‌నగర్ గారూ, మేతలో మొక్కజొన్న బూజు వాసన ఉందేమో కూడా ఒకసారి చూడండి.

షాద్‌నగర్ షెడ్డు
మేత మంచిగనే ఉంది సార్, అయినా శాంపిల్ ఇచ్చిన. ఇప్పుడు నాకు కావాల్సింది వచ్చే బ్యాచ్ సంగతి. ఈ రోగం షెడ్డుల ఎన్ని రోజులు ఉంటది?

పశువైద్యుడు కరీంనగర్
కోళ్లు తీసేశాక కూడా షెడ్డులో 122 రోజుల వరకు వైరస్ బతికున్నట్టు పాత ప్రయోగాల్లో తేలింది. మేతలో, నీళ్లలో, రెట్టలో యాభై రోజులకు పైన. దీనికి కొవ్వు పొర లేదు, కాబట్టి సబ్బు నీళ్లు, మామూలు క్వాటర్నరీ అమోనియం మందులు దీన్ని సరిగ్గా చంపలేవు. ఎండకూ అంత తొందరగా లొంగదు. ఫార్మాలిన్, గ్లుటరాల్డిహైడ్, అయోడిన్ మందులు పనిచేస్తాయి. తాజా సున్నం కూడా, దాని క్షారం దీన్ని చంపేంత ఘాటు. కానీ గోడకు ఎండిన రెట్ట పొరలు అలాగే ఉంచి పైన సున్నం కొడితే ఏమీ కాదు. ముందు గోకాలి, కడగాలి, ఆరాలి, ఆ తర్వాతే మందు.

తణుకు లేయర్
పురుగులు! అందరూ మర్చిపోయేది అదేనండి. ఊకలో తిరిగే చిన్న నల్ల పెంకు పురుగు, దాని కడుపులో వైరస్ ఉంటుంది. ఊక తీసేసిన రోజే అవి గోడ పగుళ్లలోకి, నేల పగుళ్లలోకి దూరిపోతాయి. కొత్త ఊక పరిచాక తిరిగొస్తాయి, పిల్లలు ఏరుకుని తింటాయి. కాబట్టి కోళ్లు లిఫ్టింగ్ అయిన సాయంత్రమే, ఊక ఇంకా వెచ్చగా ఉండగానే అంచుల వెంట పురుగుమందు కొట్టాలి. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి. పాత ఊకని షెడ్డు పక్కనే కుప్ప పోయొద్దు, గాలికి తిరిగి లోపలికే వస్తుంది.

హేచరీలో పనిచేస్తా
కంపెనీకి లిఖితపూర్వకంగా రెండు అడగండి అన్నా. ఒకటి, మూడు వారాలన్నా ఖాళీ. రెండు, పిల్లలన్నీ ఒకే వయసు బ్రీడర్ మందవి. డెలివరీ చలానా మీద ఏ మంద, ఎన్ని వారాల వయసు అన్నది రాసి ఇమ్మనండి. ఆ వివరం హేచరీ దగ్గర ఉంటుంది, అడిగేవాళ్లు లేక ఎవరూ రాయరు. హేచరీలో గంబోరో టీకా వేశారా, ఏ రకం వేశారన్నదీ అందులోనే రాయించండి. వెక్టర్ టీకా వేసిన పిల్లలకు మళ్లీ నీళ్లలో ఇవ్వాలా వద్దా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

ఫీల్డ్ సూపర్‌వైజర్
చలానా విషయం మంచి మాట. మా దగ్గర కూడా అడుగుతాను. హాట్ స్ట్రెయిన్ మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు కానీ, రక్తం పరీక్ష లేకుండా రోజు రాయకూడదన్నది ఒప్పుకుంటున్నా. ఇరవై శాంపిళ్ల ఖర్చు ఒక బ్యాచ్ నష్టంతో పోలిస్తే ఏమీ కాదు.

షాద్‌నగర్ షెడ్డు
కంపెనీ పద్దెనిమిది రోజుల ఖాళీకి ఒప్పుకుంది, మూడు వారాలకు ఇంకా అడుగుతున్న. పగుళ్లు పూడ్చే పని రేపటి నుంచి. శాంపిళ్లు ఏ రోజు తియ్యాలె సార్? రక్తం ఎట్ల పంపాలె?

పశువైద్యుడు కరీంనగర్
పిల్లలు దిగిన మూడో రోజు లోపు. రెండు బండ్లలో వస్తే ఒక్కో బండి నుంచి విడిగా తీయించండి, కలపవద్దు. షెడ్డు నాలుగు మూలల నుంచి, మధ్య నుంచి పట్టండి. దగ్గరికి వచ్చిన పిల్లల్నే పట్టుకుంటే హుషారైనవే వస్తాయి. మీ మండలం డాక్టర్ గారే తీస్తారు, రక్తం గొట్టాన్ని ఓరగా పెట్టి గది వేడిలో కాసేపు ఉంచాలి, పైన సీరం తేరుతుంది. దాన్ని వేరే చిన్న గొట్టంలోకి తీసి ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు పంపాలి. సీరం తీయకముందు రక్తాన్ని ఐస్‌కు తగలనివ్వవద్దు, చలికి మంచులా బిగుసుకుంటే కణాలు పగిలి శాంపిల్ పాడవుతుంది. గొట్టం మీద బండి నంబర్, తేదీ, పిల్లల వయసు రాయండి. ఫలితం వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి, టీకా రోజు లెక్క కలిసి వేద్దాం.

షాద్‌నగర్ షెడ్డు
పెడత సార్. పిల్లలు దిగంగనే రాస్త.